మా ఊరి కూతగాడు

(కృష్ణా జిల్లాలో పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతుల ముగింపు దినమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామీణ క్రీడలను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరిరి. ప్రచార శాఖలో పనిచేయువారికి ఏ విషయమును గురించియైనను నాలుగు మాటలు చెప్పుట అలవాటే. క్రీడలవలన దేహారోగ్యము చేకూరుననియు, గ్రామములలో సౌభ్రాతృత్వము పెంపొందుననియు నేను అనేక సభలలో చెప్పియున్నాను. ఆ మాటలు అసత్యములు కావు. కాని ఈ దినము వాటిని పక్కన ఉంచి, చిన్నతనమున నేను దేవునివలె కొలిచిన ఒక ఆటగానిని ముప్పదియొక్క సంవత్సరముల తరువాత కలిసికొన్న సంగతి మీకు విన్నవించెదను. అందులో నేను దిద్దుకొనవలసిన తప్పు ఒకటి ఉన్నది. ఆ తప్పును ఈ జిల్లాలోనే ఐదారు వేదికలపై పలికితిని గనుక, వేదికపైననే దిద్దుకొనుట న్యాయము.

చిన్ననాటి ఆరాధ్యుని పెద్దయైన పిదప కలిసికొనుట అందరికిని ఒకే తీరున జరుగదు. క్రికెట్ ఆటగాడు సునీల్ గవాస్కర్ బొంబాయిలో చిన్నవాడుగా ఉన్నప్పుడు మన సికింద్రాబాదులో 1939లో జన్మించిన ఎం.ఎల్. జయసింహను ఆరాధించెను. 1971లో గవాస్కర్ మొదటిసారిగా భారత జట్టులో చేరి వెస్టిండీస్ దీవులకు వెళ్ళినప్పుడు, అదే జట్టులో జయసింహయు ఉండెను. నిన్నటివరకు దూరమునుండి చూచి మురిసిన మనిషితో ఒకే గదిలో కూర్చుండి బూట్ల తాళ్ళు కట్టుకొనుట ఎట్లుండునో ఊహించుడు. ఆ పర్యటనలో గవాస్కర్ నాలుగు టెస్టులలో 774 పరుగులు చేసెను. జయసింహకు అదియే చివరి పర్యటన. అంతటితో ఆయన టెస్టు క్రికెట్టు ముగిసినది. తరువాత గవాస్కర్ తన కుమారునికి రోహన్ జయవిశ్వ అని పేరుపెట్టెను. రోహన్ కన్హాయి, జయసింహ, విశ్వనాథ్ అను ముగ్గురి పేర్లును అందులో ఉన్నవి.

మనవంటివారికి అట్టి భాగ్యము కలుగదు. మనము ఆరాధించినవారు తరచుగా మన ఊరివారే అయియుందురు. వారు మనకు మరల బస్సు స్టాండులోనో, చౌక డిపో ముందునో కనిపింతురు. నాకు నావాడు కాలువ లాకువద్ద కనిపించెను.

మాది దివిసీమ. 1990వ సంవత్సరమున బీజింగులో జరిగిన ఆసియా క్రీడలలో కబడ్డీకి మొదటిసారి పతకముల ఆటలలో స్థానము లభించి, ఆ తొలి స్వర్ణ పతకము మన దేశమునకు వచ్చెను. బడిలో ప్రార్థన వేళ ఈ వార్త చదివి వినిపించినప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యము ఇంకను జ్ఞాపకమున్నది. మేము సాయంకాలము కాలువగట్టున ఆడుకొను చెడుగుడుకు బంగారు పతకము కూడ ఇత్తురా అని! ఆ ఏడు మా ఊరిలో కుఱ్ఱవారందరికిని కబడ్డీ పిచ్చి పట్టినది. నాకు అప్పటికి పదునొకండేండ్లు.

మా ఊరిలో ఒక కూతగాడు ఉండెను. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లుండవచ్చును. ఊరి పెద్దమనిషి ఒకాయనకు చెందిన ధాన్యపు మిల్లులో బస్తాలు మోయు పని. పొడగరి కాడు, లావరి కాడు. అయినను గీత దాటి ఎదుటి బరిలో అడుగుపెట్టెనా, ఏడుగురును వెనుకకు జరుగవలసినదే. ఎడమకాలు ముందుకు సాచి, మడమను నేలనుండి కొంచెము పైకెత్తి, ముని వ్రేళ్ళపై నిలిచి ఎదుటివారిని చూచెడువాడు. ఎటు దూకునో ఎవరికిని తెలియదు.

ఆయనవలె ఊపిరి బిగబట్టవలెనని రావిచెట్టు మొదలుకొని కల్వర్టు వరకు ఒకే గుక్కలో కూత పెట్టుచు బడికి పరుగెత్తెడువాడను. స్నానమునకు దిగినప్పుడు కాలువలో మునిగి అంకెలు లెక్కపెట్టెడువాడను. ఆయన చీలమండకు నల్లదారము కట్టుకొనినాడని నేనును కట్టుకొంటిని. మా అమ్మ దిష్టికై కట్టుకొంటిననుకొని సంతోషించినది. పోటీల దినమున ఆయన తువ్వాలు పట్టుకొని గీత వెలుపల నిలుచు పని నాది. ఆ పని నాకు ఎవరును ఒప్పగింపలేదు. ఒకనాడు నేనే వెళ్ళి నిలిచితిని, ఆయన తువ్వాలు నా భుజముపై వేసెను, అంతే.

ఇప్పుడు ఆటను గురించి కొంత చెప్పవలెను. నేటి నియమముల ప్రకారము పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. జట్టుకు ఏడుగురు. కూతకు వెళ్ళినవాడు 30 సెకండ్లలో తిరిగి రావలెను. మా ఊళ్ళలో ఆ దినములలో గడియారము లేదు, గుక్కయే గడియారము. ఎంతసేపు ఊపిరి నిలిచిన అంతసేపు ఆట. ఎదుటివారు పట్టుకొన్నను, కూత విడువక నడిమి గీతను చేతితోనైనను, కాలితోనైనను తాకినచో పట్టినవారందరును అవుట్. గీతను తాకకముందే కూత తెగినచో పోయినవాడే అవుట్. ఈ తేడాను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. చేయి గీతకు తగిలినదా లేదా అన్నది కంటికి కనిపించును. కూత ఉన్నదా తెగినదా అన్నది చెవికి మాత్రమే తెలియును, అదియు దగ్గర ఉన్నవాని చెవికి.

1991 సంక్రాంతి కనుమనాడు మా ఊరికిని కాలువ అవతలి ఊరికిని తుదిపోటీ జరిగెను. రెండు ఊళ్ళ నడుమ కాలువగట్టు దిగువనున్న పోరంబోకు స్థలమే బరి. వేరొక ఊరి ఉన్నత పాఠశాల డ్రిల్లు మాస్టారు న్యాయనిర్ణేత. ఇరు జట్లును సమముగా నిలిచినవి. చివరి కూత మావాడిది. అవతల ముగ్గురే మిగిలిరి. ఆయన ఒకనిని తాకి వెనుకకు దూకునంతలో ఇంకొకడు ఎడమకాలి చీలమండ పట్టుకొనెను. మరియొకడు నడుము పట్టెను. ముగ్గురును ఆయనపై పడిరి. అట్లే వారిని ఈడ్చుకొనుచు, మట్టిలో మోచేతులతో ప్రాకుచు, ఆయన చేయి సాచి గీతను తాకెను. నేను గీతకు నాలుగడుగుల దూరమున ఉంటిని. వ్రేళ్ళు గీతను దాటుట నా కన్నులార చూచితిని.

మాస్టారు ఈల ఊది, మావాడు అవుటయ్యెనని చేయి ఎత్తిరి.

తరువాత జరిగినది వర్ణింపనక్కరలేదు. రాళ్ళు లేచినవి. ఇద్దరి తలలు పగిలినవి. మాస్టారిని ఎవరో సైకిలుపై ఎక్కించి పంపివేసిరి. ఆ గందరగోళములో మావాడు నా వద్దకు వచ్చి, నా భుజముపైనున్న తువ్వాలు తీసికొని, మొగము కప్పుకొని గట్టుపై కూర్చుండెను. అంతటి వీరుడు అన్యాయమునకు ఏడ్చుచున్నాడని నేనును ఏడ్చితిని.

ఆ వారములోనే మా ఊరినుండి ఒక అర్జీ పోయినది. డ్రిల్లు మాస్టారు పక్షపాతముతో తీర్పు చెప్పిరనియు, తగవునకు ఆయనయే కారకులనియు అందులో వ్రాసిరి. అరువది సంతకములు. మరుసటి ఏడు మాస్టారికి దూరప్రాంతమునకు బదిలీ అయినది. రెండు ఊళ్ళ నడుమ సంక్రాంతి పోటీలు ఆగిపోయినవి. అవతలి ఊరిలో కుదిరియున్న మా మేనత్త కూతురి సంబంధము తప్పిపోయినది. కాలువనీటి వంతుల వద్ద ఏటేట మాటామాట పెరిగెడిది. బరి ఉన్న స్థలములో సర్కారు తుమ్మ మొలిచినది. ఆపైన పెంటకుప్పలు వెలసినవి. మావాడు కూడ కొన్నాళ్ళకు మిల్లు పని మాని ఎటో వెళ్ళిపోయెను.

నేను పెద్దవాడనైతిని, చదివితిని, ఈ ఉద్యోగములో చేరితిని. గ్రామములలో ఉపన్యసించునప్పుడు నాకు ఆ కథ అక్కరకు వచ్చెడిది. అన్యాయపు తీర్పును తలవంచి స్వీకరించి, ఎవరిని ఒక్క మాట అనని క్రీడాకారుడు మా ఊరిలో ఉండెనని నేను చెప్పగా సభికులు చప్పట్లు కొట్టెడువారు. కథ చెప్పిన ప్రతిసారియు ఆయన చేయి గీతను ఇంకొక జానెడు దాటుచుండెనని ఇప్పుడు తోచుచున్నది.

2022లో వానకాలపు ప్రారంభమున ఒక గ్రామసభకు పోవుచు, కాలువ లాకువద్ద టీ త్రాగుటకు జీపు ఆపించితిని. లాకు తలుపు ఎత్తు ఇనుప చక్రమును ఒక మనిషి త్రిప్పుచుండెను. తల నెరసినది. ఖాకీ చొక్కా, మోకాళ్ళవరకు ఎగగట్టిన లుంగీ. ఎడమకాలు ముందుకు సాచి, మడమ నేలనుండి ఎత్తి నిలిచెను. నేను టీగ్లాసు అక్కడనే పెట్టివేసితిని.

దగ్గరకు పోయి, “అన్నా!” అని పిలిచితిని.

ఆయన చక్రము ఆపి చూచి, “ఏం సార్, ఏ ఊరు తమది?” అని అడిగెను.

“మీ ఊరే అన్నా. నీ తువ్వాలు పట్టుకున్న పిల్లవాణ్ణి.”

ఆయన నన్ను ఎగాదిగా చూచెను. “ఓరి, నువ్వట్రా!” అనెను. అంతలో నా జీపును, దానిపై వ్రాసిన అక్షరములను చూచి, “మీరా బాబూ” అని దిద్దుకొనెను. ఆ దిద్దుబాటు నాకు నచ్చలేదు గాని, ఎంత చెప్పినను ఆయన మరల ‘ఒరే’ అనలేదు.

పదునైదేండ్లుగా ఆ కాలువపై లస్కరు పని చేయుచుండెనట. ఇద్దరు కుమారులు హైదరాబాదులో ఉన్నారు. మోకాలు నొప్పి. టీవీలో చాపలపై ఆడు కబడ్డీ చూచునట. చాపపై ఆడువారికి కాళ్ళు జారుట తక్కువ గాని మోకాళ్ళు త్వరగా చెడునని ఆయన అభిప్రాయము. తాను మట్టిలో ఆడియే మోకాలు చెడగొట్టుకొనినాడు గదా అని నేను నవ్వితిని. ఆయనయు నవ్వెను.

ఉండబట్టలేక నేను 1991 నాటి పోటీ ప్రసంగము తెచ్చితిని. సభలలో ఆయన కథ ఎట్లు చెప్పుచున్నానో, జనము ఎట్లు చప్పట్లు కొట్టుచున్నారో గర్వముగా వివరించితిని. ఆయన ఏమియు అనలేదు. లేచి చక్రమును రెండు చుట్లు త్రిప్పి, నీటి మట్టము చూచి వచ్చి కూర్చుండెను.

“ఆ రోజు నా కూత పోయింది బాబూ,” అనెను.

నాకు అర్థము కాలేదు.

“చీలమండ పట్టుకొన్నప్పుడే తెగిపోయింది. నోరు ఆడిస్తూనే ఉన్నా, లోపల గాలి లేదు. గీత ముట్టుకున్న మాట నిజమే. కూత మాత్రం లేదు. మాస్టారు వంగి నా మొహం దగ్గర చెవి పెట్టారు. ఆయన ఒక్కరే విన్నారు. మీరంతా చూశారు.”

తువ్వాలుతో మొగము కప్పుకొనిన సంగతి నేను అడుగకముందే ఆయనయే చెప్పెను. ఏడ్చుటకు కాదు, నా మొగము చూడలేకనట. “నువ్వు అంత గట్టిగా ఏడుస్తుంటే నీకు ఏమని చెప్పను?” అనెను. ఒక్కసారి ‘నువ్వు’ అని వచ్చినది.

ఆ రాత్రియే ఆయన మిల్లు యజమానియైన పెద్దమనిషి ఇంటికి పోయి, కూత తెగినమాట నిజమని చెప్పెనట. ఆ పెద్దమనిషి కోపపడలేదు. భోజనము పెట్టించి, “తలలు పగిలాక ఇప్పుడీ మాట అంటే ఊరి పరువు ఏం గాను? నోరు మూసుకుని పడుకో” అని చెప్పి పంపెనట. మూడవ దినమున అర్జీ వచ్చినది. మొదటి సంతకము ఆటగానిదే ఉండవలెనని పెద్దలు నిర్ణయించిరి. పెండ్లి కావలసిన చెల్లెలు ఇంటనున్నది, మిల్లు పని తప్ప వేరొక ఆధారము లేదు. సంతకము చేసెను.

“ఆ కాగితం మీద నా పేరు నేనే రాశాను. చాలా చక్కగా రాశాను,” అని చెప్పెను. ఎందుచేతనో ఆ చక్కదనమే ఆయనను ఇన్నాళ్ళు బాధించినట్లు నాకు తోచినది.

సభ్యులారా! మీ పంచాయతీలకు కూడ ఇట్టి అర్జీలు వచ్చుచుండును. ఎన్ని సంతకములు ఉన్నవో లెక్కపెట్టుట సులభము. నేనును నా ఉద్యోగములో ఎన్నో లెక్కపెట్టితిని.

2003లో చెల్లెలి పెండ్లి, తన పెండ్లి, అప్పులు అన్నియు తీరిన తరువాత ఆయన డ్రిల్లు మాస్టారి చిరునామా కనుగొని, రెండు బస్సులు మారి వెళ్ళెనట. మాస్టారు అప్పటికి ఉద్యోగ విరమణ చేసియుండిరి. వరండాలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుండిరి. మనిషిని పోల్చుకొని లోనికి పిలిచిరి. ఈయన నిలుచుండియే మొత్తము చెప్పివేసెను. మాస్టారు విని, “కూత పోయిందని నాకు తెలుసు. నీకు తెలుసా లేదా అని మాత్రం అప్పుడప్పుడు అనుకునేవాణ్ణి” అని, కాఫీ తెప్పించిరట. బదిలీ మాట ఎత్తనే లేదట. ఊరిలో ఎవరెవరు ఎట్లున్నారో అడిగి తెలిసికొని, బస్సు వేళకు స్వయముగా స్టాండు వరకు వచ్చి ఎక్కించిరట. 2011లో ఆయన కాలము చేసిరి.

ఈ సంగతి పదిమందికి చెప్పుదునా అని నేను అడిగితిని. “పేరు పెట్టే చెప్పండి. ఇంతకాలం పేరుతోనేగా చెప్పారు,” అనెను. అయినను ఈ దినము నేను పేరు చెప్పుట లేదు. ఆయన కొరకు కాదు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేరు. వారి పిల్లలు మన మధ్యనే ఉన్నారు. ఇంకొక కారణము కూడ ఉన్నది. ఆ అరువది సంతకములలో మా నాన్నగారిదియు కలదు.

ఆ రాత్రి నేను ఇంటికి పోయి నాన్నగారికి ఈ కథ అంతయు చెప్పితిని. ఆయనకు డెబ్బది దాటినవి. పడక కుర్చీలో కన్నులు మూసికొని వినిరి. నిద్రించినారేమో అనుకొంటిని. కొంతసేపటికి, “ఆ రోజు నేను గట్టు దగ్గర లేనేలేనురా. మినప చేలో మందు కొట్టిస్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి గొడవ అయిపోయింది,” అనిరి.

“మరి సంతకము?” అని అడిగితిని.

“అందరూ పెట్టారుగా,” అనిరి. తరువాత ఆ రాత్రి మా ఇద్దరి నడుమ మాటలు లేవు.

దాని తరువాత నేను చేసిన ఘనకార్యము ఏమియు లేదు. సభలలో ఆ కథ చెప్పుట మానితిని. ఇప్పుడు రెండు ఊళ్ళకును సర్పంచులుగా ఉన్నవారు 1991 నాటికి పుట్టియే ఉండరు, లేదా ఉయ్యాలలో ఉందురు. తగవు ఉన్నదని వారికి తెలియును గాని ఎందువలన వచ్చినదో తెలియదు. లస్కరుగారు తానే ఇద్దరి వద్దకును పోయి చెప్పెను. మొదట కాలువ అవతలి ఊరికి వెళ్ళి, పంచాయతీ కార్యాలయములో పదిమంది ఎదుట, “మీరు గెలిచారు” అని చెప్పెనట. అక్కడివారికి ఏమనవలెనో తోచక, కూర్చుండుమని కుర్చీ వేసిరట. అవతలి జట్టులో నాడు ఆయన చీలమండ పట్టుకొనినవాడు ఇంకను ఉన్నాడు, ఆయనను పిలిపించిరి. ఆయన వచ్చి, “ఆ పట్టు నాది” అని మాత్రము అనెనట.

స్థలము విషయములో పేచీ వచ్చినది. పెంటకుప్పలు ఎత్తివేయుటకు వాటి సొంతదారులు రెండు నెలలు గడువు అడిగి ఆరు నెలలు తీసికొనిరి. ఒక గడ్డివామి యజమాని ఆ భూమి తమ తాతలనాటినుండియు తమదేనని వాదించెను. రెవెన్యూవారు వచ్చి కొలిచి రాళ్ళు పాతినంతవరకు ఊరకొనలేదు. తుమ్మచెట్లు కొట్టించుట, మట్టి తోలించి చదును చేయించుట రెండు పంచాయతీలు చెరిసగము పంచుకొనినవి. సున్నముతో గీతలు వేయుటకు మాత్రము కుఱ్ఱవారు ఎవరిని సాయము అడుగలేదు.

2024 సంక్రాంతికి పోటీలు జరిగినవి. లస్కరుగారికి శాలువ కప్పవలెనని నిర్వాహకులు తెచ్చిరి. ఆయన శాలువ వద్దని ఈల అడిగి తీసికొనెను. మోకాలు నొప్పితోనే రోజంతయు బరిలో తిరిగి, కూతకు వచ్చిన ప్రతి కుఱ్ఱవాని వెంట నడిచి, పట్టుబడినప్పుడెల్ల వంగి వాని మొగము దగ్గర చెవి ఉంచి వినెను. సాయంకాలము మా ఊరి కుఱ్ఱవాడు ఒకడు చేయి చాచి గీత తాకినప్పుడు ఆయన ఈల ఊది వానిని అవుట్ చేసెను. జనములో గొణుగుడు బయలుదేరినది. ఆ కుఱ్ఱవాడే లేచి, మట్టి దులుపుకొనుచు, “పోయింది, పోయింది” అని తల ఊపుచు వెలుపలికి వచ్చెను. మా ఊరు ఓడినది.

మా నాన్నగారు ఉదయమే గీత పక్కన కుర్చీ వేయించుకొని కూర్చుండిరి. ఎండ మీదికి వచ్చినను లేవలేదు. ఆట మొదటినుండి చివరివరకు చూచిరి.